పంక్తి చివర విరిగిన మాట

హెర్న్‌డన్, వర్జీనియా
ఫిబ్రవరి 9, 2009

చెల్లెమ్మ బాలమణికి,

మంచులో కూరుకుపోయిన ఇంటి నుంచి ఎండలో బట్టలారేసుకునే ఇంటికి ప్రభువు పేర వందనాలు. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. కాగితం అడ్డురాదు.

ముందు కష్టం చెప్పి తర్వాత వింత చెబుతాను. ఇక్కడ అద్దె హాల్లో ఆదివారం మధ్యాహ్నం జరిగే మన తెలుగు ఆరాధనలో పదేళ్ళుగా వాక్యం చెబుతున్నవాణ్ణి నేనే గదా. ఇప్పుడు కమిటీ సెక్రటరీ రాజ్‌కి ఒక ఆలోచన పుట్టింది. "అంకుల్, కిడ్స్‌కి ఒక్క ముక్క అర్థం కావట్లేదు. వెనక బెంచీల్లో గేమ్స్ ఆడుకుంటున్నారు. సెర్మన్ ఇంగ్లీష్‌లోకి షిఫ్ట్ చేద్దాం" అన్నాడు. మార్చి 29న ఆరాధన అయ్యాక చేతులెత్తి తేలుస్తారట. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసు, కొత్తిమీర అడిగి ఇంకేదో ఆకు తెచ్చుకుని పప్పు పాడుచేసుకున్న ఇంగ్లీషు. గుంటూరు ప్రెస్సులో నలభై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చి, పేర్చిన పేజీలే చదువుకుని వాక్యం నేర్చినవాణ్ణి. సెమినరీ గడప తొక్కలేదు. తెలుగు తీసేస్తే దేవాలయంలో మాట పడిపోయిన జెకర్యాని నేను. ఆయనకైనా కొడుకు పుట్టాక నోరొచ్చింది. నాకు ఏం పుడితే వస్తుంది?

ఇక వింత. మీ వదిన నర్సుగా చేసే వృద్ధుల హోమ్‌కి శనివారాలు నేనూ వెళ్తాను, అడిగినవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేస్తాను. అక్కడ హెల్మీ అని ఎనభై ఎనిమిదేళ్ళ పెద్దావిడ ఉంది. ఎస్టోనియా అనే దేశం. రష్యా పక్కన, సముద్రం ఒడ్డున. చెవులు సగమే పనిచేస్తాయి, కళ్ళు అంతకన్నా తక్కువ. నాలిక మాత్రం కొత్త కత్తెర. "మీ భాష మాట్లాడేవాళ్ళు ఎందరు?" అని అడిగింది. ఏడెనిమిది కోట్లన్నాను. దగ్గొచ్చేదాకా నవ్వింది. "మేము పది లక్షలమే. ఏడు కోట్లమంది ఉండి ఏడుపెందుకు?" అంది. తెలుగు మాటలు నావి, దెబ్బ ఆమెది.

ఆమె తాత పేరు యాక్ లెపసార్. ఊరి బడిపంతులు, పత్రికలకు రాసేవాడు. నూట ముప్ఫై, నలభై ఏళ్ళ కిందటి సంగతి. అక్కడ పొలాలు జర్మన్ దొరలవి, చర్చిల్లో పాస్టర్లూ జర్మన్లే. అందరూ మనలాగే లూథరన్లు సుమా! రైతుల భాష పశువుల్ని అదిలించడానికి తప్ప పనికిరాదనేవారట. ఆ రైతులు తమను తాము "నేల మనుషులం" అని మాత్రమే చెప్పుకునేవారట. యాక్ తండ్రి కొయ్యతో కట్టిన ప్రార్థన ఇంట్లో వాక్యం చెప్పే రైతు. నాలాగే ఏ సెమినరీ ఎరగడు! యెషయా పెదవికి తాకిన నిప్పుకణం లాంటిదాన్ని ఆ తండ్రి దగ్గర తీసుకుని కొడుకు పత్రికలో పెట్టాడు. "మీ భాషకు మీరు సిగ్గుపడితే దానికి దిక్కెవరు?" అని రాశాడట.

యుద్ధకాలంలో పడవెక్కి పారిపోయి వస్తూ హెల్మీ కోటు లోపల దాచి తెచ్చిన తాతగారి నోటుబుక్కు ఒకటి ఉంది. ఉప్పునీళ్ళు అంచులు తినేశాయి. ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి కూడబలుక్కుని చూశాను. మొదటి పేజీలో ఒక పంక్తి చివర మూడక్షరాలు: ఐ, ఎస్, ఏ. ఈసా! తర్వాతి పంక్తి మొదట ఎమ్, ఏ, ఏ. మా!

బాలమణీ, మన సంగడిగుంటలో సాయిబుగారు యేసు ప్రభువును ఏమనేవారు? హజ్రత్ ఈసా అని కాదూ? ఆ పేరు అంత మంచుదేశానికి ఏ దారిన పోయింది? ఒంటె మీదా, ఓడ మీదా? నీ మనవరాలు ఇషా కంప్యూటర్లో వెతికి చెబుతుందేమో అడుగు.

నీ అన్న,
వీరభద్రం


శాన్ రామన్, కాలిఫోర్నియా
ఫిబ్రవరి 19, 2009

అన్నయ్యకు నమస్కారాలు.

ఎండలో బట్టలారేసుకునే ఇల్లంటావా? ఇక్కడ బట్టలు బయట ఆరేస్తే అసోసియేషన్ వాళ్ళు నోటీసు పంపుతారు. నీ దొరల కథ మాకూ ఉంది.

ఎస్టోనియా అంటే ఎస్తేరు రాణి వాళ్ళ ఊరా? నవ్వకు. నిజంగానే అడుగుతున్నాను. ఎస్తేరు పర్షియాలో ఉంది, పర్షియా వాళ్ళు ఈసా అంటారు. అటునుంచి పోయి ఉండకూడదా? వాళ్ళు అన్నం తింటారా, రొట్టె తింటారా? దొరలు ఊళ్ళో ఉంటే బడిలో ఏ భాష చెప్పేవాడు మీ పంతులు? నాకూ ఒకటే కుతూహలంగా ఉంది. నువ్వేమో ఎప్పుడూ సగం చెప్పి వాక్యంలోకి వెళ్ళిపోతావు.

ఇంకో మాట. ప్రతి శనివారం ఒక ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని నోటుబుక్కు చదువుతున్నావా? వదిన ఏమంటోంది? మన నాన్న కూడా ఇలాగే శనివారాలు హార్మోనియం టీచరమ్మ దగ్గరికి కీర్తనలు నేర్చుకోవడానికి వెళ్ళేవాడు. ఆయన ఒక్క కీర్తనా నేర్చుకోలేదు.

నీ ఓటింగ్ సంగతి. కోపం తెచ్చుకోకు. పోయిన వేసవిలో ఇషా మీ హాల్లో నీ ప్రసంగం విన్నది గదా. కారెక్కాక ఏమందో నీకు చెప్పలేదు. "తాతయ్య ఈజ్ సో మ్యాడ్, అమ్మమ్మా. హూ డిడ్ వాట్?" అంది. నువ్వు తప్పిపోయిన కుమారుడి కథ చెప్పిన రోజది. తండ్రి పరుగెత్తుకెళ్ళి కౌగిలించుకున్న చోట కూడా నువ్వు అరుస్తూనే ఉన్నావు.

ఇషాకి పరీక్షలు. అయ్యాక వెతుకుతానంది.

నీ చెల్లెలు,
బాలమణి


హెర్న్‌డన్
మార్చి 2, 2009

బాలమణికి,

నీ ఉత్తరం నాకన్నా ముందు మీ వదిన చదివింది. హార్మోనియం టీచరమ్మ దగ్గర ఆగిపోయింది. "నేను డయాపర్లు మార్చే పేషెంటుతో మా ఆయనకి సంబంధం అంటగడుతుందా మీ చెల్లెలు?" అని నన్నే అడిగింది, ఆ ఆయన నేనేనని మరిచిపోయి. ఇక నీ ఫోనెత్తదట. నేను శ్రమదినాల ఉపవాసంలో ఉన్నాను, ఈస్టరు దాకా నేనూ ఎత్తను.

ఇషా మాట నాకు గుచ్చుకుంది. కోపమా అది? నా ఎముకల్లో మూసిపెట్టిన అగ్ని, యిర్మీయాది లాంటిది! పిల్లకి కోపానికీ రోషానికీ తేడా తెలియకపోతే తప్పెవరిది? ఆ అమ్మాయిని ఏమీ వెతకవద్దని చెప్పు. నేనే కనుక్కున్నాను.

నీ ప్రశ్నలకు జవాబులు. ఎస్తేరుకీ వాళ్ళకీ సంబంధం లేదు. నల్ల రొట్టె తింటారు, కింద పడితే తీసి ముద్దు పెట్టుకుంటారట, మన వాళ్ళు అన్నం మెతుకు కళ్ళకద్దుకున్నట్టు. బడిలో యాక్ వాళ్ళ సొంత భాషే చెప్పేవాడు. పై చదువులన్నీ జర్మన్‌లో.

యాక్ చేసిన పెద్ద పని విను. "మా బడుల్లో మా భాష ఉండాలి" అని రష్యా చక్రవర్తికి అర్జీ రాసి, మూడు చలికాలాలు మంచులో ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పట్టాడు. రాయడం రానివాళ్ళు తమ ఇంటి గుర్తు గీసేవారట, పనిముట్ల మీద చెక్కుకునే గుర్తు. ఒకడిది కాకికాలు, ఒకడిది గొడ్డలి. "ఆ అర్జీ ఏమైంది?" అని అడిగాను. "నథింగ్" అంది హెల్మీ. నా ప్రశ్న వినపడలేదు పాపం. రెట్టించలేదు. దేశానికి దేశమే నిలబడి ఉంటే అర్జీ గెలవకుండా ఉంటుందా?

అసలు సంగతి. "ఈసా?" అని ఆ పేజీ చూపించి గట్టిగా అడిగాను. ఆమె ముఖం వెలిగిపోయింది. తలెత్తి, వేలెత్తి పైకి చూపించింది! మంచానికి పైన గోడ, గోడకు పైన ఆకాశం. ఇంకేం సాక్ష్యం కావాలి? "ఈసా మా." ఈసా మావాడు! మన మాటే, "మా". బాబేలు గోపురం దగ్గర భాషలు చెదిరినప్పుడు ఒక ముక్క ఇటు పడితే అదే ముక్క అటు పడింది.

మార్చి 29న ఇదే నా వాక్యం. యొర్దాను రేవు దగ్గర "షిబ్బోలెతు" అని పలకలేనివాళ్ళను గిలాదువాళ్ళు నరికేశారు. నాలిక తిరగకపోతే తల తీసేశారు! రాజ్ కమిటీ అలాంటి రేవు కడుతోంది. పది లక్షలమంది నిలబెట్టుకున్నారు, ముప్ఫై ఏడు మంది నిలబెట్టుకోలేరా అని అడుగుతాను. ఆ రోజు హెల్మీని కూడా తీసుకురమ్మని మీ వదినను బతిమాలాను. ఓటు ఎటు పోతుందో చూడు.

నీ అన్న,
వీరభద్రం


శాన్ రామన్
మార్చి 25, 2009

అన్నయ్యా,

ఆరుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తవు, వదిన ఎత్తదు. మీ ఇంటి మెషీన్‌లో నీ గొంతు నన్ను పశ్చాత్తాపపడమని చెప్పి పెట్టేస్తోంది. ఈ ఉత్తరం ఆదివారంలోగా చేరాలని పోస్టాఫీసులో ప్రార్థన చేసి వేస్తున్నాను.

ఆ ప్రసంగం చెప్పకు. వెతకవద్దన్నావని చెప్పినా ఇషా ఊరుకోలేదు. "నౌ ఐ హావ్ టు నో, అమ్మమ్మా" అంది. పరీక్షలవగానే వెతికింది. ఆ భాషలో "ఇస" అంటే యేసు కాదు, నాన్న. "మా" అంటే మనది అని కాదు, నేల. అవి రెండు మాటలు కూడా కావట. రెండూ కలిపి ఒకటే మాట, "నాన్నల నేల" అని. మాతృభూమి అంటామే, అలా. పంక్తి చివర చోటు చాలక విరిగి ఉంటుందని ఇషా అంటోంది. నలభై ఏళ్ళు కంపోజింగ్ చేశావు. విరిగిన మాట పక్కన గీత ఉండదా అన్నయ్యా?

టీచరమ్మ సంగతి వదినకు క్షమాపణ చెప్పు. తమాషాకి రాశాను.

నీ చెల్లెలు,
బాలమణి


హెర్న్‌డన్
ఏప్రిల్ 1, 2009

బాలమణికి,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఆదివారం అయిపోయింది.

గీత ఉండేది. ఉప్పునీళ్ళు తినేసిన అంచులో ఉండేది. అది నేను ఊహించి ఉండాల్సింది. ప్రెస్సులో మొదటి నెలలో నేర్పేది అదే, పంక్తి చివర మాట నిండిందా విరిగిందా చూసుకోమని.

జరిగింది రాస్తాను. హెల్మీని వీల్ ఛైర్‌లో మొదటి వరుస పక్కన పెట్టింది మీ వదిన. నేను లేచాను. మంచు, దొరలు, అర్జీ, అన్నీ చెప్పాను. వెనక బెంచీల పిల్లలు కూడా తలెత్తారు. రాజ్ కూడా చేతులు కట్టుకుని వింటున్నాడు. అప్పుడు "ఈసా మా!" అని మైకు దద్దరిల్లేలా అరిచాను. రెండోసారి అరవబోతుంటే హెల్మీ చెయ్యెత్తింది, బడిలో పిల్ల ఎత్తినట్టు.

"నో, నో. ఇస. ఫాదర్. మై పాపా. ఐ షోడ్ యు హిస్ పిక్చర్."

పైకి చూపించింది ఆకాశాన్ని కాదు బాలమణీ. మంచం పైన గోడకు వాళ్ళ నాన్న ఫొటో ఉంది. నేను ఎన్ని శనివారాలు దాని కిందే కూర్చున్నాను!

వెనక నుంచి ఒక పిల్లాడు, "ఓ మై గాడ్, హీ థాట్ హర్ డ్యాడ్ వాజ్ జీసస్" అన్నాడు. హాలంతా నవ్వింది. వాళ్ళమ్మ వాడి నోరు మూసి తనూ నవ్వింది. పదేళ్ళలో మొదటిసారి మైకు ముందు నాకు మాట రాలేదు. జెకర్యా.

అరవడానికి ఏమీ లేదు కాబట్టి అడిగాను, నా వచ్చీరాని ఇంగ్లీషులో: "యువర్ గ్రాండ్ ఫాదర్. ప్రేయర్. హౌ?" ఆమె కళ్ళు మూసుకుని "మెయె ఇస" అని మొదలుపెట్టింది. "మా తండ్రీ" అన్నమాట. "మా" అనడానికి వాళ్ళకు "మెయె" ఉందట. ప్రభువు నేర్పిన ఆ ప్రార్థన ఆవిడ చివరిదాకా ఒంటరిగా చెప్పింది. ఆ హాల్లో ఒక్కరికీ ఒక్క ముక్కా తెలియదు. అయినా ఎక్కడున్నదీ అందరికీ తెలుస్తూనే ఉంది. రొట్టె దగ్గర రొట్టె అని తెలిసింది, అప్పుల దగ్గర అప్పులని తెలిసింది. ఆమేన్ మాత్రం అందరం కలిసి అన్నాం.

తర్వాత చేతులెత్తారు. ఇంగ్లీషుకు ఇరవై మూడు, తెలుగుకు పద్నాలుగు. నా ప్రసంగాలు అయిపోయాయి. ఆరంభంలో పది నిమిషాలు తెలుగు ప్రార్థన చేసుకోమన్నాడు రాజ్. "ఇట్స్ స్టిల్ యువర్స్, అంకుల్" అన్నాడు. లాజరుకు బల్ల కింద రాలిన ముక్కలన్నమాట. అక్కర్లేదన్నాను. ఇక ఆ హాలు మెట్లెక్కను.

అర్జీ సంగతి కూడా హెల్మీని మళ్ళీ అడిగితే ఇప్పుడు అర్థమైంది. "నథింగ్" అంటే నథింగే. యాక్ ఉద్యోగం తీసేశారు, బడి ఇంకొకడికిచ్చారు.

నీ అన్న


శాన్ రామన్
ఏప్రిల్ 14, 2009

అన్నయ్యకు,

ఈస్టరు వెళ్ళింది, ఇంకా అలిగి సొరచెట్టు కిందే కూర్చున్నావా యోనాలాగా? నీకూ వాక్యం చెప్పేవాళ్ళు కావాలి. ఇక్కడ నేనే దిక్కు.

నీ ఉత్తరం ఇషాకి చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "తాతయ్య స్టాప్ చేశాడా? ఆమెని అడిగాడా?" అని రెండుసార్లు అడిగింది. "ఐ విష్ ఐ సా దట్" అంది. నీ పదేళ్ళ ప్రసంగాల్లో అది వినాలనుకున్నది నువ్వు మాట్లాడని నిమిషం అన్నమాట. ఇది పొగడ్తో తిట్టో నువ్వే తేల్చుకో.

జూన్‌లో సెలవులకు నీ దగ్గరికి వస్తుందట. ఆ నోటుబుక్కు హెల్మీకి చదివి వినిపిస్తుందట. ఆవిడకు కళ్ళు సరిగా కనపడవన్నావు గదా, చదివేవాళ్ళు లేక ఎన్నేళ్ళయిందో! అక్షరాలు ఎలా పలకాలో నువ్వు కనుక్కుని పెట్టాలి. మెట్లెక్కనన్నావు కాబట్టి నీకు ఆదివారాలు కూడా తీరికే.

బాలమణి


హెర్న్‌డన్
జూలై 6, 2009

చెల్లెమ్మకు,

నీ మనవరాలు క్షేమం. పెరుగన్నం తింటోంది. మీ వదిన నిన్ను క్షమించింది. పక్కనే నిలబడి ఈ మాట రాయమంటోంది: "టీచరమ్మ కథ సగం చెప్పి వదిలెయ్యడం పాపం, పూర్తిగా రాయి."

ముందుగా మేం ముగ్గురం బడి పెట్టుకున్నాం. హెల్మీ పలుకుతుంది, నేను తెలుగులో రాసుకుంటాను, ఇషా కంప్యూటర్లో సరిచూస్తుంది. వాళ్ళ జె మన య. రెండు "ఏ" అక్షరాలు పక్కపక్కన ఉంటే దీర్ఘం. మన గుణింతం లాంటిదే! ఆ భాషకు "ష" పడదు. హెల్మీ ఎంత ప్రయత్నించినా ఇషాని "ఇస" అనే పిలుస్తుంది. "ఆడపిల్లకి నాన్న అని పేరు పెట్టారేంటి మీవాళ్ళు?" అని రోజూ నవ్వుతుంది. యొర్దాను రేవులో అయితే ఆమె తల నిలిచేది కాదు. ఇక్కడ మాకు అదే తమాషా.

నేను అడగని ప్రశ్న ఒకటి ఇషా అడిగింది. బడి పోయాక యాక్ ఏం చేశాడని. అర్జీ గెలిచిందనుకున్నప్పుడు నాకు ఆ ప్రశ్నే రాలేదు, ఓడిందని తెలిశాకా రాలేదు. ఇల్లిల్లూ తిరిగాడట. వంటింట్లో రొట్టె కాలేంతసేపు ఆ ఇంటి పిల్లలకు అక్షరాలు చెప్పేవాడట. రొట్టె దిగగానే లేచిపోయేవాడట, తిండికి కాచుకుని కూర్చున్నాడనుకుంటారని. "రొట్టె కాలేంతసేపు బడి" అని ఊళ్ళో ఎగతాళి చేసేవారట. హెల్మీ వాళ్ళమ్మ చదువంతా అదే.

మొన్న శనివారం నోటుబుక్కు తీశాం. ఇషా మెల్లగా, వేలు పెట్టి, మొదటి పేజీ చదివింది. నేను నోరెత్తలేదు. నమ్ము. ఆ పంక్తి చివరికి వచ్చింది. "ఇస" అని, కింది పంక్తి వెతుక్కోవడానికి ఆగింది. ఆ విరిగిన చోటే.

హెల్మీ కళ్ళు మూసుకుని ఉంది. ముఖం గోడవైపు తిరిగింది. నెమ్మదిగా, మా ఇద్దరితో కాకుండా, "ఇస" అంది. పిలుపది. వినేవాడికి తెలుస్తుంది. పొలం అవతల ఉన్న మనిషిని పిలిచినట్టు.

నీ మనవరాలు నోటుబుక్కులోంచి తలెత్తి, "ఆఁ, ఇక్కడే ఉన్నాను" అంది. తెలుగులో! ఇంట్లో ఎవరు పిలిచినా "యా" అనే పిల్ల. తననే పిలిచిందనుకుంది.

హెల్మీ చెయ్యి చాపింది. ఇషా పట్టుకుంది. ఆవిడకు ఏం వినిపించిందో నేను అడగలేదు. ఆ ముఖం చూసినవాడెవడూ అడగడు.

సమూయేలు గుర్తొచ్చాడు. ఎవరో పిలిస్తే లేచి ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. మూడుసార్లూ తప్పు మనిషి దగ్గరికే. కానీ మూడుసార్లూ పలికాడు. ఈ కథ మీద నేను ముప్ఫైసార్లన్నా ప్రసంగించి ఉంటాను. పిలిచే దేవుడి గురించే అరిచాను. పలికిన పిల్లవాణ్ణి ఒక్కసారీ పట్టించుకోలేదు.

రాజ్‌కి ఫోన్ చేశాను. ఆ పది నిమిషాలు ఇంకా ఉన్నాయా అన్నాను. "ఎవ్రీ సండే ఖాళీగానే వదిలేస్తున్నాం అంకుల్, ఎవరికీ ఇవ్వలేదు" అన్నాడు. వచ్చే ఆదివారం వెళ్తున్నాం, ఇషా కూడా. ఒక్క రొట్టె కాలడానికి పది నిమిషాలు చాలకపోవచ్చు, ఒక్క మాటకు చాలు. అందులోనూ సగంసేపు ఊరుకుందామనుకుంటున్నాను. పిలిచాక ఆగాలి గదా, వెనక బెంచీల్లోంచి ఎవరైనా పలుకుతారేమో.

ఆగడం నేర్చుకుంటున్న నీ అన్న,
వీరభద్రం